ఫ్రేము బీటవారితే... అతికించాలా, మార్చాలా?

మౌంటెన్ బైకు ఫ్రేము ఒక్క దెబ్బకు విరగడం తక్కువ. రాళ్ల మీద, గుంతల్లో ప్రతి కుదుపుకూ గొట్టాలు కాస్త వంగి మళ్లీ సర్దుకుంటాయి. అలా లక్షల సార్లు జరిగేసరికి ఒత్తిడి పడేచోట వెంట్రుకవాసి బీట పుడుతుంది. లోహపు అలసట అంటే ఇదే. పుట్టిన బీట తొక్కే కొద్దీ పాకుతుందే తప్ప పూడదు. చివరికి మిగిలిన కాస్త లోహమూ బరువు మోయలేక ఒక్కసారిగా తెగుతుంది. హ్యాండిల్ దగ్గర తెగితే మనిషి ముఖం మీద పడతాడు. అందుకే ఏ సంగతీ తేలేదాకా ఆ బండి ఎక్కకూడదు.

ముందు తేలాల్సింది పగిలింది ఫ్రేమా, పైనున్న రంగా అన్నది. బీటలు ఎక్కువగా వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి: హెడ్ ట్యూబుకు కింది గొట్టం కలిసేచోటు, సీటు గొట్టం పై అంచు, పెడళ్ల ఇరుసు పక్కన చైన్‌స్టేలు, వెనక సస్పెన్షన్ ఉంటే దాని పివట్లు. అక్కడ మట్టి కడిగి, ఆరనిచ్చి, లోహపు ఫ్రేమైతే గీత మీద రంగును కొద్దిగా గీకి చూడాలి. అప్పటికీ అనుమానం తీరకపోతే డై పెనెట్రెంట్ ఉంది. వెల్డింగు తనిఖీల్లో వాడేదే. ఎర్ర ద్రవం చల్లి, డబ్బా మీద రాసినంతసేపు ఆగి, పైపై రంగును శుభ్రంగా తుడిచి, తెల్లటి డెవలపర్ కొట్టాలి. బీట ఉంటే లోపల ఇంకిన ఎరుపు ఆ తెలుపు మీద సన్నని గీతగా ఊరుతుంది. బీట కొస అసలు ఎక్కడిదాకా పాకిందో కూడా అప్పుడే బయటపడుతుంది.

కారణం కూడా పట్టుకోవాలి. సీటు గొట్టం పై అంచు పగిలిందంటే తరచూ సీటు పోస్టును మరీ పైకి లాగి బిగించి ఉంటారు. పోస్టు మీద కనీస లోతు గీత ఉంటుంది. అది గొట్టం లోపలే ఉండాలి. పొట్టి పోస్టును అలాగే ఉంచి ఫ్రేమును ఎంత బాగా అతికించినా మళ్లీ పగులుతుంది.

ఇక నిర్ణయం చాలావరకు ఫ్రేము దేనితో చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. అయస్కాంతం అతుక్కుంటే అది ఉక్కు. ఉక్కు ఫ్రేమును నిశ్చింతగా రిపేరుకు ఇవ్వచ్చు, చెయ్యి తిరిగిన పనివాడు దొరికితే. క్రోమోలీ ఉక్కు గొట్టాలు నడుమ భాగంలో అర మిల్లీమీటరు మందమే ఉండవచ్చు. గేట్లు, గ్రిల్లులు అతికే కరెంటు వెల్డింగుతో అవి చిల్లులు పడతాయి. టిగ్ వెల్డింగు గాని, ఇత్తడి పోసే గ్యాస్ వెల్డింగు గాని కావాలి. గొట్టం బాగా దెబ్బతింటే ఆ ఒక్క గొట్టాన్నే మార్చవచ్చు. టైటానియం కూడా అతుకుతుంది. కాకపోతే వేడెక్కినప్పుడు గాలి తగిలితే పెళుసెక్కుతుంది కనుక గొట్టం లోపలా బయటా ఆర్గాన్ వాయువు నింపి చేయాలి.

చిక్కంతా అల్యూమినియంతోనే. వాడుకలో ఉన్న ఫ్రేముల్లో ఎక్కువ భాగం అదే. 6061 రకం అల్యూమినియానికి బలమంతా కొలిమిలో వస్తుంది. వెల్డింగు అయ్యాక ఫ్రేమును దాదాపు 530 డిగ్రీల సెల్సియస్‌కు కాచి, నీటిలో ముంచి, వంకరలు సరిచేసి, మళ్లీ 175 డిగ్రీల ప్రాంతంలో గంటల తరబడి ఉంచుతారు. తర్వాత ఎప్పుడో బీట మీద వెల్డింగు చేస్తే ఆ వేడికి పక్కనున్న లోహం మెత్తబడి, దాదాపు సగం బలం పోగొట్టుకుంటుంది. అతుకు చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. తర్వాతి పగులు దాని పక్కనే వస్తుంది. అల్యూమినియం అతికేవారు ఊరూరా ఉన్నారు, ఆ తర్వాత ఫ్రేమును కొలిమిలో పెట్టేవారు అరుదు. పెట్టినా రంగు, బేరింగులు, కొలతల సవరణ అన్నీ కలిసి కొత్త ఫ్రేము ధరకు చేరతాయి. కాబట్టి బరువు మోసే చోట బీటవారిన అల్యూమినియం ఫ్రేమును మార్చడమే మంచిది.

కార్బన్ పగిలిందంటే పనికిరాదని చాలామంది అనుకుంటారు. నిజానికి అది అల్యూమినియం కన్నా బాగా రిపేరవుతుంది. నాణెంతో చుట్టూ తట్టుతూ పోతే పొరలు విడిపోయిన చోట చప్పుడు మొద్దుగా వినిపిస్తుంది. లోపలి నష్టం ఎంతో తేల్చడానికి మాత్రం అల్ట్రాసౌండ్ పరీక్షే నమ్మకం. దెబ్బతిన్న పొరలను ఏటవాలుగా అరగదీసి, పాత పోగుల దిశలోనే కొత్త కార్బన్ వస్త్రాన్ని ఎపాక్సీతో పరిచి, ఒత్తిడిలో గట్టిపడనిస్తారు. ఇది ఇంట్లో చేసే పని కాదు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని. హ్యాండిల్ బారు, ఫోర్కు స్టీరరు పగిలితే మాత్రం రిపేరు మాట ఎత్తకుండా మార్చేయాలి.

ఏ పని మొదలుపెట్టకముందే వారంటీ చూసుకోవాలి. చాలా కంపెనీలు మొదటి కొనుగోలుదారుకు ఫ్రేము మీద ఏళ్ల తరబడి, కొన్నయితే జీవితకాలం వారంటీ ఇస్తాయి. పడిపోయి పగిలిన ఫ్రేముకు బదులు తగ్గింపు ధరకు కొత్తది ఇచ్చేవీ ఉన్నాయి. బిల్లు, ఫ్రేము నంబరు, బీట ఫొటోలు అడుగుతారు. ఒకసారి వెల్డింగు చేయించాక ఆ హక్కు పోయినట్టే.

మార్చాలనుకుంటే ఫ్రేము ధర ఒక్కటే లెక్కేస్తే చాలదు. పాత బండి 26 అంగుళాల చక్రాలది కావచ్చు, కొత్త ఫ్రేములు ఎక్కువగా 27.5, 29 అంగుళాలకు వస్తున్నాయి. వెనక హబ్బు వెడల్పు 135 మిల్లీమీటర్ల నుంచి 142కు, 148కి మారింది. స్టీరరు గొట్టం కింద లావెక్కింది. చక్రాలు, ఫోర్కు, సీటు పోస్టు కొత్త ఫ్రేముకు సరిపడకపోతే అవీ కొనాలి. అప్పుడు మొత్తం బండి కొనడమే చవక కావచ్చు.