సేవాభావం ఎక్కడ ముగుస్తుంది, ఉచిత చాకిరీ ఎక్కడ మొదలవుతుంది?

కొత్తగా చేరిన సహోద్యోగికి పని నేర్పడం, సెలవులో ఉన్నవారి బాధ్యత పంచుకోవడం, ఎవరూ చూడకపోయినా పని సరిగ్గా చేయడం... ఇవేవీ నియామక పత్రంలో ఉండవు. అయినా ఇవి లేకుండా ఏ ఆసుపత్రీ, ఏ బడీ సాఫీగా నడవదు. ఉద్యోగ సంఘాలకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే సమ్మె చేయలేని చోట ‘వర్క్ టు రూల్’ అంటాయి. అంటే, నిబంధనల్లో ఉన్నంతే చేస్తారు, అంతకుమించి చేయరు. పనులు నత్తనడకన సాగడానికి అదే చాలు.

ఇలా విధికి మించి చేసే పనికి అమెరికా పరిశోధకుడు డెనిస్ ఆర్గన్ 1988లో రాసిన పుస్తకంలో ఒక స్పష్టమైన రూపం ఇచ్చారు. దాన్ని ‘సంస్థాగత పౌర ప్రవర్తన’ అన్నారు. తోటివారికి సాయం చేయడం, తన నిర్ణయాలతో ఇతరులకు ఇబ్బంది రాకుండా ముందే చెప్పడం, కనీస నియమాలకు మించిన శ్రద్ధ, చిన్నచిన్న అసౌకర్యాలను ఓర్చుకోవడం, సంస్థ మంచిచెడ్డల్లో పాలుపంచుకోవడం - ఈ ఐదూ అందులోకి వస్తాయి.

మరి మనుషులు అడగకుండానే ఇంత ఎందుకు చేస్తారు?

మతం కాదు, అర్థం

ఈ ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో ‘ఆధ్యాత్మిక నాయకత్వం’ ఒకటి. లూయిస్ ఫ్రై 2003లో ప్రతిపాదించిన ఈ సిద్ధాంతంలో నాయకుడి నుంచి మూడు అందాలి. ఒకటి, నమ్మదగిన లక్ష్యం. రెండు, అది నెరవేరుతుందన్న విశ్వాసం. మూడు, ఉద్యోగి పట్ల నిజమైన ఆపేక్ష. ఈ మూడూ ఉంటే ఉద్యోగికి తన పనికి అర్థం ఉందనీ, తాను ఇక్కడి మనిషిననీ అనిపిస్తుంది. ఆ తర్వాత అదనపు శ్రమ దానంతటదే వస్తుందన్నది ఆయన వాదన.

ఇందులో పూజలూ ప్రవచనాలూ లేవు. మతాన్నీ ఆధ్యాత్మికతనూ ఫ్రై వేరుగానే చూశారు. ఈ సిద్ధాంతాన్ని తొలినాళ్లలో పరీక్షించింది కూడా ఏ ఆశ్రమంలోనో కాదు, అమెరికా సైన్యంలోని ఒక హెలికాప్టర్ దళంలో.

మదురై పాఠం

మన దేశంలో దీనికి తరచూ చెప్పే ఉదాహరణ అరవింద్ కంటి ఆసుపత్రి. ప్రభుత్వ వైద్యుడిగా రిటైరైన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో, 58 ఏళ్ల వయసులో, 11 పడకలతో మదురైలో దీన్ని ప్రారంభించారు. ఆయన శ్రీ అరవిందుల అనుయాయి. ఆసుపత్రికి ఆ పేరు అలాగే వచ్చింది. నివారించదగిన అంధత్వాన్ని తొలగించడమే లక్ష్యం. డబ్బు చెల్లించగలిగిన రోగుల నుంచి వచ్చే ఆదాయమే పేదల చికిత్సకు ఆధారం. నేడు అరవింద్ ఆసుపత్రి తిరుపతిలోనూ ఉంది.

అయితే అరవింద్ సేవాభావం ఒక్కదాని మీదే నడవలేదు. సర్జన్ ఒక రోగికి ఆపరేషన్ చేస్తుండగానే పక్క టేబుల్‌పై తర్వాతి రోగిని సిద్ధం చేస్తారు. గ్రామాల నుంచి వచ్చిన యువతులను ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, ఆ పనులు అప్పగిస్తారు. కంట్లో అమర్చే లెన్సుల ధర తగ్గించడానికి 1992లో ఆరోల్యాబ్‌ పేరిట సొంత తయారీ మొదలుపెట్టారు. స్ఫూర్తి ఉంది, దాని వెనుక పద్ధతీ ఉంది. తమ శ్రమ చూపుగా మారడాన్ని సిబ్బంది కళ్లారా చూస్తారు.

రెండో వైపు

అర్థవంతమైన పనికి ఇంకో ముఖం కూడా ఉంది. అమెరికా, కెనడాలలో జూ సిబ్బందిపై బండర్సన్, థాంప్సన్ 2009లో ప్రచురించిన అధ్యయనం దాన్ని చూపింది. జంతువుల సంరక్షణ తమ జీవిత ధర్మమని భావించేవారు జీతం, సమయం, సౌకర్యం వదులుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. అందువల్లే యాజమాన్యం వారిని వాడుకునే అవకాశమూ ఎక్కువైంది.

మన దేశంలో దీనికోసం జూ దాకా వెళ్లనక్కర్లేదు. అంగన్‌వాడీ కార్యకర్తలకు ఇచ్చేది జీతం కాదు, ‘గౌరవ వేతనం’. వారికి గ్రాట్యుటీ హక్కు ఉందని తేలడానికి 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు రావాల్సి వచ్చింది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు వేతన పెంపు, గ్రాట్యుటీ కోరుతూ సమ్మెకు దిగితే, 2024 జనవరిలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. చెల్లింపు దగ్గరికి వచ్చేసరికి అది గౌరవ సేవ. పని ఆపితే మాత్రం అత్యవసర సేవ.

తేడా ఎలా తెలుస్తుంది?

కొన్ని ప్రశ్నలు వేసుకుంటే చాలు. అదనపు పని చేయనని చెప్పిన ఉద్యోగికి నష్టం జరుగుతుందా? జరిగితే అది స్వచ్ఛందం కాదు. నాయకుడు అడిగే త్యాగంలో ఆయన వాటా ఎంత? అదనపు శ్రమ ఫలితం ఎవరికి చేరుతోంది, రోగికా, పసిపిల్లకా, లేక వాటాదారుల లాభానికా? అన్నింటికన్నా ముందు, న్యాయంగా రావాల్సిన జీతం వస్తోందా?

‘మనమంతా ఒకే కుటుంబం’ అనే మాట ఆఫీసుల్లో తరచూ వినిపిస్తుంది. అది పని గంటలు పెంచేటప్పుడే గుర్తొచ్చి, జీతాల పెంపు వేళ మరుపుకొస్తే, ఉద్యోగులు దాన్ని త్వరగానే పసిగడతారు. విధికి మించి పనిచేసే మనసు అక్కడే విరుగుతుంది. దాన్ని మళ్లీ అతికించడం ఏ ప్రేరణ ప్రసంగానికీ సాధ్యం కాదు.