కొత్త పరికరం చేశారా? వీడియో పెట్టే ముందు పేటెంట్ సంగతి చూసుకోండి

ఏదో పని సులువు చేసే పరికరాన్ని మీరే తయారుచేశారనుకుందాం. వెంటనే యూట్యూబ్‌లో పెట్టాలనిపిస్తుంది. కాస్త ఆగండి. దరఖాస్తు చేయకముందే నలుగురికీ చూపించేస్తే, చట్టం దృష్టిలో అది సాధారణంగా ‘కొత్తది’ కాకుండా పోతుంది. మీ వీడియోనే మీ పేటెంట్‌కు అడ్డుపడొచ్చు.

ప్రభుత్వానికి దీంతో ఏం పని?

2020-21లో పరిశోధన, అభివృద్ధిపై మన దేశం పెట్టిన ఖర్చు జీడీపీలో 0.64 శాతమే. పెద్ద ల్యాబ్‌లు తక్కువున్న చోట వర్క్‌షాపుల్లో, మగ్గాల దగ్గర పుట్టే ఆలోచనలూ ముఖ్యమే. చింతకింది మల్లేశం చేసిన ఆసు యంత్రమే ఇందుకు ఉదాహరణ. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే చేతిని వేలసార్లు అటూ ఇటూ ఆడించాలి. ఆ శ్రమను యంత్రం తప్పించింది. ఆయనకు 2017లో పద్మశ్రీ దక్కింది. ఇలాంటివారు ఖర్చుకు భయపడి వెనకడుగు వేయకూడదనే ఫీజుల్లో రాయితీ ఇస్తున్నారు.

ఫీజు ఎంత?

ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు, విద్యాసంస్థలకు రూ.1,600. పెద్ద కంపెనీలకైతే రూ.8,000. పరిశీలన కోరడానికి విడిగా రూ.4,000 కట్టాలి, పెద్ద కంపెనీలకు ఇది రూ.20,000. ఏజెంట్‌ను పెట్టుకుంటే ఆ ఖర్చు వేరు. గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు ఆ భారం తగ్గించే పథకాన్ని కేంద్రం 2016లో తెచ్చింది.

ఏ గడువులు మరిచిపోకూడదు?

* పరికరం ఇంకా పూర్తికాలేదా? తాత్కాలిక వివరాలతో దరఖాస్తు చేసి తేదీ ఖాయం చేసుకోవచ్చు. పూర్తి వివరాలు 12 నెలల్లో ఇవ్వాలి.
* పరిశీలన కోరడానికి, తొలి దరఖాస్తు తేదీ నుంచి 31 నెలలే గడువు. 2024 మార్చికి ముందు ఇది 48 నెలలు.
* పేటెంట్ 20 ఏళ్లు ఉంటుంది. మూడో ఏడాది నుంచి ఏటా రెన్యువల్ ఫీజు కట్టాలి.

మొదటి రెండు గడువుల్లో ఏది దాటినా దరఖాస్తు చేజారినట్టే.

సాయం ఎవరు చేస్తారు?

రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై పేటెంట్ కార్యాలయం పరిధిలోకి వస్తాయి. చదువుతో పనిలేకుండా సొంతంగా ఆవిష్కరణలు చేసేవారికి గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ తోడ్పడుతుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి: పేటెంట్ వస్తే అమ్మకాలు వచ్చినట్టు కాదు. ఇతరులు అనుమతి లేకుండా తయారుచేయకుండా ఆపే హక్కు మాత్రమే మీకొస్తుంది. కొనేవాళ్లను మీరే వెతుక్కోవాలి.