క్లచ్ 'కిర్రు'మంటోందా?.. ముందు వినండి, తర్వాతే విప్పించండి

* చిటికెడు గ్రీజుతో పోయే చప్పుడుకు వేలు పోసుకోవద్దు
* పెడల్ బరువెక్కితే మాత్రం అశ్రద్ధ వద్దు

హొసూరు: పొద్దున ఏడు గంటలు. జూజువాడి దాటి అత్తిబెలె చేరితే చాలు, బండ్ల బారు మొదలు. ఫస్టు గేరు, న్యూట్రల్, మళ్లీ ఫస్టు గేరు. హొసూరు నుంచి బెంగళూరు 40 కిలోమీటర్లే అయినా ఆఫీసు చేరేలోపు ఎడమ కాలు క్లచ్‌ను ఎన్నిసార్లు తొక్కిందో లెక్కే ఉండదు. తొక్కినప్పుడల్లా 'కిర్రు'.. వదిలితే 'కీచు'. పాత ఇంటి తలుపు తీసినట్టు ఒకటే చప్పుడు.

హొసూరు, బాగలూరు, సూళగిరి వైపు నుంచి రోజూ కార్లలో వెళ్లొచ్చే మనవాళ్లలో చాలామందికి ఈ చప్పుడు తెలిసిందే. కొందరు పాటల సౌండు పెంచి సరిపెట్టుకుంటారు. ఇంకొందరు కంగారుగా షెడ్డుకు పోతారు. అక్కడ మాటలు ఇట్లా సాగుతుంటాయి.

"అన్నా, పెడలు శానా అరుస్తా ఉండాది. ఏమైందో చూడన్నా."

"క్లచ్ పోయినట్టుండాది సార్. గేర్‌బాక్స్ దించాల."

ఈ ఒక్క మాటతో క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు అన్నీ కొత్తవి వస్తాయి. బిల్లు వేలల్లో తేలుతుంది. తీరా బండి బయటికి తీసి పెడల్ తొక్కితే మళ్లీ అదే 'కిర్రు'! ఎందుకంటే చప్పుడు గేర్‌బాక్సులోది కాదు, మన మోకాలి ముందర డాష్‌బోర్డు కింద ఉన్న చిన్న బుష్షుది.

ఉయ్యాల కొక్కెం లాంటిదే

క్లచ్ పెడల్ పైకొస డాష్‌బోర్డు కింద చీకట్లో ఒక ఇనుప పిన్ను మీద ఊగుతుంది. పిన్నుకూ పెడల్‌కూ మధ్య బుష్షులు ఉంటాయి. చాలా కార్లలో ఇవి ప్లాస్టిక్కువే. దూలానికి వేసిన ఉయ్యాల కొక్కెం ఎండిపోతే ఎట్లా కిర్రుమంటుందో, ఇక్కడా అంతే. కంపెనీలో పెట్టిన గ్రీజు ఏళ్లు గడిచేసరికి ఎండుతుంది. చెప్పులతో వచ్చిన దుమ్ము దాంట్లో చేరి గరుకవుతుంది. ఆ గరుకే బుష్షును అరగదీస్తుంది.

పెడల్‌ను వెనక్కి లాగే స్ప్రింగు కొసలు, కేబుల్ తగిలించే కొక్కెం కూడా ఇట్లాగే అరుస్తాయి. మారుతి 800, ఆమ్ని, పాత ఆల్టోల్లో ఉండేది కేబుల్ క్లచ్. 800 తయారీ 2014లోనే ఆగిపోయినా పల్లెల్లో ఆ బండిని ఇంకా వదలనివాళ్లు ఉన్నారు. ఆయిల్‌తో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ అయితే కేబుల్ బదులు మాస్టర్ సిలిండర్‌ను నెట్టే రాడ్డు, దాని పిన్ను ఉంటాయి. అక్కడా చప్పుడు పుట్టొచ్చు.

ఇంజిన్ ఆపి వినండి

షెడ్డుకు పోయే ముందు ఇంటి దగ్గరే ఐదు నిమిషాలు చాలు. బండిని చదునైన చోట నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి ఇంజిన్ ఆపేయాలి. ఇప్పుడు పెడల్‌ను చేత్తో మెల్లగా నొక్కి వదలాలి.

ఇంజిన్ ఆపినా కిర్రుమంటే అనుమానం ముందుగా బుష్షు, స్ప్రింగు, కేబుల్ మీదే. ఇంట్లోవాళ్లను పెడల్ నొక్కమని, టార్చి పట్టుకుని కిందికి వంగి వినాలి. పిన్ను దగ్గర వేలు ఆనిస్తే అదురు తెలుస్తుంది. చప్పుడు లోపల కాకుండా బానెట్ కింద గేర్‌బాక్స్ వైపు వినిపిస్తే అక్కడి క్లచ్ ఫోర్కు ఎండి ఉండొచ్చు.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు, పెడల్ తొక్కితేనే గరగరమని చప్పుడొస్తే అది రిలీజ్ బేరింగు కావచ్చు. న్యూట్రల్‌లో కాలు తీసినప్పుడు చప్పుడొచ్చి, తొక్కగానే ఆగితే గేర్‌బాక్స్ లోపలి బేరింగు చూపించుకోవాలి. ఈ రెండింటికీ గేర్‌బాక్స్ దించక తప్పదు.

కొబ్బరినూనె పోస్తే..

అందుబాటులో ఉందని కొబ్బరినూనె, వంటనూనె పోసేవాళ్లున్నారు. ఆ పూటకు చప్పుడు ఆగుతుంది. నాలుగు రోజులకు నూనె జిగురుగా మారి దుమ్మును పట్టేస్తుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టినా తాత్కాలికమే. అది ఉన్న కాస్త గ్రీజునూ కడిగేస్తుంది, తర్వాత తనూ ఆరిపోతుంది.

సరైన పద్ధతి ఇది: పాత గ్రీజు, మురికి గుడ్డతో తుడవాలి. ప్లాస్టిక్, రబ్బరు ఉన్నచోట సిలికాన్ గ్రీజు, ఇనుముకు ఇనుము రాసుకునేచోట తెల్లటి లిథియం గ్రీజు కొంచెమే పెట్టాలి. ఒక్కో చోట పెట్టి, పెడల్ పదిసార్లు నొక్కి చూడాలి. ఎక్కడ పెడితే చప్పుడు ఆగిందో తప్పు అక్కడే. గ్రీజు పెట్టినా పెడల్ పక్కలకు ఊగుతుంటే బుష్షు అరిగిపోయినట్టే, మార్చాల్సిందే. కొన్ని కార్లలో బ్రేకు పెడల్ కూడా అదే పిన్ను మీద ఉంటుంది కాబట్టి ఆ పని మెకానిక్‌కే వదలడం మేలు.

హైడ్రాలిక్ క్లచ్ ఉన్నవాళ్లు మాస్టర్ సిలిండర్ రబ్బరు దగ్గర మామూలు గ్రీజు, ఇంజిన్ ఆయిల్ పెట్టకూడదు. రబ్బరు ఉబ్బి పాడవుతుంది. అక్కడ తడి కనబడితే చప్పుడు సంగతి పక్కన పెట్టి ముందు లీకు చూపించుకోవాలి.

నిజంగా భయపడాల్సింది ఎప్పుడు?

చప్పుడుతో పాటు పెడల్ బరువెక్కినా, పట్టిపట్టి కదిలినా, గేరు పడేటప్పుడు గరగరమన్నా ఆలస్యం వద్దు. కేబుల్ బండిలో ఇవి తీగలు ఒక్కొక్కటే తెగుతున్నాయనడానికి గుర్తు కావచ్చు. కేబుల్ పూర్తిగా తెగితే పెడల్ నేలకు పడిపోతుంది, క్లచ్ విడవదు. అత్తిబెలె రద్దీ మధ్యలో, వెనక లారీలు హారన్లు కొడుతుంటే బండి నిలిచిపోయిందంటే ఆ అవస్థ పడినవాళ్లకే తెలుసు. తీగలు లేచిన కేబుల్‌కు నూనె వైద్యం లేదు. కొత్తది వేయించి, పెడల్ ప్లే ఎంత ఉండాలో ఆ కారు పుస్తకంలో చూసి సరిచేయించాలి.

ఇవి మరవద్దు

* పెడల్ రబ్బరు మీద, నేల మీద పడిన గ్రీజు తుడవాలి. బ్రేకు మీద కాలు జారితే ప్రమాదం.
* ఫుట్‌మ్యాట్ పెడల్ కింద ఇరుక్కోకుండా చూసుకోవాలి.
* సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసి క్లచ్ మీద కాలు తీసేయాలి. ఊరికే ఆనించి ఉంచితే బేరింగు, ప్లేటు అరుగుతాయి.
* షెడ్డులో "చప్పుడొస్తోంది" అని ఊరుకోకుండా "ఇంజిన్ ఆపినా వస్తోంది" అనో "నడుస్తుంటేనే వస్తోంది" అనో చెప్పాలి. ఆ ఒక్క మాటే గేర్‌బాక్స్ అనవసరంగా కిందికి దిగకుండా కాపాడుతుంది.