మంచు కొండల్లో మాటువేసిన ముప్పు

పి.గన్నవరం: వైనతేయ తీరంలోని లంక రైతులకు నదీకోత కొత్త కాదు. పైకి గట్టిగా కనిపించే నేల, అడుగున ఇసుక పొర జారిపోగానే కొబ్బరిచెట్లతో సహా పెళ్లలుగా ఏటిలో కూలుతుంది. హిమాలయాల్లో మంచు చరియలు విరిగిపడేదీ దాదాపు ఇలాగే. పాత మంచుపై కొత్త మంచు గాలికి పేరుకుని పలకలా బిగుస్తుంది. రెంటి నడుమ పట్టులేని పొర ఉంటే ఒక మనిషి బరువుకే ఆ పలక పగిలి జారిపోతుంది. కేకలు వేస్తే చరియలు కూలుతాయన్నది మాత్రం సినిమాల్లోని మాటే.

గోదావరి ఉప్పొంగితే ధవళేశ్వరం వద్ద 11.75 అడుగులకే మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడుతుంది. లంకవాసులకు పడవ ఎక్కేంత వ్యవధి చిక్కుతుంది. మంచు చరియ ఆ వ్యవధి ఇవ్వదు. కోనసీమ నుంచి చార్‌ధామ్, సిక్కిం, మనాలి యాత్రలకు వెళ్లేవారు గుర్తించవలసింది ఈ తేడానే.

చిక్కుకుంటున్నవారు పర్వతారోహకులు మాత్రమే కారు. 2023 ఏప్రిల్ 4న సిక్కింలోని నాథులా దారిలో ఏడుగురు పర్యాటకులు మరణించారు. 13వ మైలు వరకే అనుమతి ఉండగా 15వ మైలు వైపు వెళ్లారని అధికారులు అప్పట్లో తెలిపారు. 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ సమీపంలోని మాణా వద్ద రహదారి కార్మికుల శిబిరంపై చరియ పడి ఎనిమిది మంది అసువులు బాశారు. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో బలైన పదిమంది సైనికుల్లో కర్నూలు జిల్లావాసి ఒకరు.

30 నుంచి 45 డిగ్రీల వాలులే అత్యంత ప్రమాదకరం. అంతకన్నా నిటారు వాలుపై మంచు ఎక్కువగా నిలవదు. భారీగా మంచు కురిసిన తర్వాత కనీసం ఒక రోజు ప్రయాణం ఆపుకోవాలి. వేసవి యాత్రలో ఎండ ముదరకముందే మంచు పాయలను దాటడం మేలు. 2013 వరదల తర్వాత లించౌలీ మీదుగా వేసిన కేదార్‌నాథ్ నడకదారిలో ఇటువంటి పాయలు ఉన్నాయి. అక్కడ ఫొటోల కోసం ఆగడం మన యాత్రికుల్లో కనిపించే దురలవాటు. అడుగు వేయగానే ‘గుబ్’మని శబ్దం వచ్చినా, మంచుపై పగులు సాగినా వెంటనే వెనుదిరగాలి. అనుమానమున్న వాలును ఒక్కొక్కరుగా దాటాలి. మిగిలినవారు సురక్షిత స్థలం నుంచి వారిని గమనిస్తూ ఉండాలి.

చరియలో చిక్కితే అది ఆగేలోగా నోటి ముందు చేతులు అడ్డుపెట్టి గాలికి ఖాళీ చేసుకోవాలి. ఆగిన మరుక్షణం మంచు సిమెంటులా బిగుస్తుంది, వేలు కూడా కదలదు. కూరుకుపోయినవారిని పది నిమిషాల్లో వెలికితీస్తే పదిమందిలో తొమ్మిది మంది బతుకుతారు. అరగంటకు ఆ సంఖ్య మూడుకు పడిపోతుంది. సహాయ బృందాలు చేరేసరికి ఆ గడువు దాటిపోతుంది కనుక తవ్వవలసింది తోటి యాత్రికులే. మంచు వాలుల్లో ట్రెక్కింగుకు వెళ్లే ప్రతి ఒక్కరి వద్దా సంకేత పరికరం, పొడవాటి శోధన కడ్డీ, పార ఉండాలి.

చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ మంచు చరియల ముప్పుపై జిల్లాలవారీగా హెచ్చరికలు జారీ చేస్తుంది. బయలుదేరే రోజు ఉదయం స్థానిక పోలీసుల వద్దగానీ, జిల్లా విపత్తు నిర్వహణ కార్యాలయంలోగానీ వాటి వివరాలు అడగవచ్చు.