పానకం అడగని అట్లు

పోయిన వేసవి సెలవులకు మా అమ్మాయి అమెరికా నుంచి పిల్లవాడిని తీసుకుని వచ్చింది. వాడికి ఎనిమిదేళ్లు. పెట్టె తెరవగానే ముందు బయటికి వచ్చినవి బట్టలు కావు, బొమ్మలు కావు. పాత టవల్లో చుట్టిన ఓ సీసా. దాని మీద ఎర్రటి ఆకు బొమ్మ. మేపుల్ సిరప్!

"వాడు పొద్దున పూట పాన్‌కేకులు తప్ప ఇంకోటి ముట్టడమ్మా. ఇక్కడ ఇది దొరకదని తెచ్చాను," అంది మా అమ్మాయి.

నెల రోజులకు సరిపోతుందని లెక్క వేసుకుని తెచ్చిన ఆ సీసా నాలుగో నాడు వంటింటి బండల మీద పడి భళ్లుమంది. చీమలకు పండుగ, నాకు పరీక్ష!

మేముండే గోకుంద మీలో చాలామందికి తెలిసి ఉండదు. మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా, కిన్వట్ పట్టణాన్ని ఆనుకుని ఉంటుంది. ముద్ఖేడ్ నుంచి ఆదిలాబాదు పోయే రైలు దారి మాది. పెన్‌గంగ మా నది. కిన్వట్ తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో నాందేడుకు వచ్చింది. మనుషులు ఉన్నచోటే ఉన్నారు, సరిహద్దు మాత్రం ఇళ్ల పక్క నుంచి నడిచి వెళ్లింది. అందుకే ఇక్కడ బజారులో మరాఠీ, ఇంట్లో తెలుగు, అడవి వైపు వెళితే గోండి, కోలామీ, బంజారా మాటలు వినిపిస్తాయి. అట్టు పెనం ఒక్కటే, దాని మీద పడేదానికి పేర్లు మాత్రం నాలుగు.

ఇంతకీ సీసా పగిలిన మర్నాడు నేను చక్కెర పాకం పట్టి పాన్‌కేకు మీద పోసి ఇచ్చాను. వాడు ఒక ముక్క నోట్లో పెట్టుకుని పళ్లెం పక్కకు జరిపాడు. నాకూ కుతూహలం కలిగి, పాకం తగలని ముక్క ఒకటి తిని చూశాను. దూది నమిలినట్లుంది! మైదా, పాలు, గుడ్డు, పొంగడానికి కాస్త బేకింగ్ పౌడరు. అంతే. రుచంతా ఆ సీసాలోనే ఉందన్నమాట. కెనడాలోనూ అమెరికాలోనూ మేపుల్ చెట్లకు గాటు పెట్టి, కారిన నీరు పట్టి మరిగిస్తారు. సుమారు 40 లీటర్ల చెట్టు నీరు మరిగితే ఒక లీటరు సిరప్ వస్తుంది. అంత కష్టపడి తీసిన రుచి మరి. దానిముందు నా చక్కెర పాకం ఏపాటి?

పిల్లవాడిని ఏమని తప్పుపట్టను? నేనూ ఒకనాడు అదే పని చేసినదాన్ని.

నా పుట్టిల్లు పశ్చిమ గోదావరి. మా వైపు దిబ్బరొట్టె అంటే చెరుకు పానకం పక్కన ఉండాల్సిందే. మినప్పప్పు ఒక వంతు, బియ్యపు రవ్వ రెండు వంతులు కలిపి, మందపాటి మూకుడులో పోసి, మూత పెట్టి సన్నని సెగ మీద ఎర్రగా కాల్చే ఆ రొట్టెను పానకంలో ముంచుకుని తినేవాళ్లం. 1979లో పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే మా అత్తగారు సర్వపిండి చేశారు. మందంగా, ఎర్రగా కాలి ఉంది. చూడగానే దిబ్బరొట్టె అనుకున్నాను. "పానకం లేదా?" అని అడిగేశాను.

పంక్తిలో అందరూ గొల్లుమన్నారు. కారపు రొట్టెకు పానకమా! సిగ్గుతో, ఉక్రోషంతో సగం పళ్లెంలో వదిలేసి లేచాను. పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుని చేసిన ఆవిడ ముఖం ఎలా ఉందో ఆ రోజు నేను చూడలేదు. ఇన్నేళ్లలో ఆ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు కానీ నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడు మా అత్తగారికి 86 ఏళ్లు. పొయ్యి దగ్గర నిలబడలేరు. వంటింటి గడప పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని అన్నీ గమనిస్తూంటారు. మునిమనవడు పళ్లెం జరపడం చూసి అన్నారు: "గా పోరడు మంచిగనే చేసిండు. రుచి పిండిల ఉండాలె గని, మీదికెళ్లి పోస్తే ఎట్లొస్తది?"

ఆ ఒక్క మాట పట్టుకుని వారం రోజులు అట్ల మీద పడ్డాను. మీ ఇళ్లలోనూ ఇలాంటి పిల్లలు ఉంటారు కనుక, నాకు కుదిరినవి చెబుతాను.

ముందు వాడి పాన్‌కేకే

మైదా అర కప్పు, గోధుమపిండి అర కప్పు, పావు చెంచా ఉప్పు, అర చెంచా వంటసోడా కలిపి జల్లించాను. వేరే గిన్నెలో పుల్లటి చిక్కని మజ్జిగ ఒక కప్పు, ఒక గుడ్డు, రెండు పెద్ద చెంచాల బెల్లం తురుము, బాగా మగ్గిన అరటిపండు ఒకటి మెదిపి కలిపాను. రెండు పెద్ద చెంచాల వెన్నను అడుగున ఎర్రని పొడి తేలి, కమ్మని వాసన వచ్చేదాకా కాచి అందులో పోశాను. తరువాత పొడి పిండి వేసి, తడిసేదాకా మాత్రమే కలిపాను. ఎక్కువ కలిపితే మైదాకు సాగుడు వచ్చి అట్టు రబ్బరులా తయారవుతుంది. చిన్న చిన్న ఉండలు ఉన్నా ఫరవాలేదు.

మజ్జిగలోని పులుపు సోడాతో కలిసినప్పుడే గాలి బుడగలు పుడతాయి. కాబట్టి ఈ పిండిని నిలవ ఉంచకూడదు, కలిపిన వెంటనే పోయాలి. పైన బుడగలు చిట్లి, అంచు ఆరినట్లు కనిపించగానే తిరగెయ్యాలి. గుడ్డు తిననివారు మరో రెండు మూడు చెంచాల మజ్జిగ పోసుకుంటే సరి, కాస్త పలచగా వస్తాయి. అరటిపండు మగ్గేకొద్దీ దానిలోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. తొక్క మీద నల్ల మచ్చలు వచ్చిన పండే దీనికి పనికొస్తుంది. ఇక ఉప్పు మరచిపోకండి. తీపిని పైకి తెచ్చేది ఆ చిటికెడు ఉప్పే.

గోధుమ బెల్లపు అట్లు

ఇవి ఇరుగుపొరుగు మరాఠీ ఇళ్లలోనూ చేస్తారు, ధిరడే అంటారు. అర కప్పు బెల్లాన్ని కప్పు గోరువెచ్చని నీళ్లలో కరిగించి వడకట్టండి. ఇసుక లేని బెల్లం ఎక్కడా ఉండదు కనుక వడకట్టడం మానవద్దు. నీళ్లు వేడిగా ఉంటే పిండి ఉడికి ఉండలు కడుతుంది, చల్లారనివ్వండి. అందులో కప్పు గోధుమపిండి, పావు కప్పు బియ్యప్పిండి, రెండు చెంచాల పచ్చికొబ్బరి తురుము, నాలుగు ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు కలిపి అరగంట నాననివ్వండి. పిండి నీళ్లు పీల్చుకుని చిక్కబడితే మరి కాసిని నీళ్లు పోసి గరిటె జారుగా చేసుకోండి.

పెనం మీద నెయ్యి రాసి, సన్నని సెగ మీద చిన్న చిన్న అట్లు పొయ్యాలి. బెల్లం త్వరగా మాడుతుంది, మంట పెంచారా, పైన నలుపు, లోపల పచ్చి! అంచు కరకరలాడుతూ మధ్యలో మెత్తగా ఉండాలి. బియ్యప్పిండి వేసేది ఆ కరకర కోసమే.

మావారు ఇవి నాలుగు తిని, "బెల్లమే కదా, షుగరుకు ఏం కాదు," అన్నారు. మీ ఇంట్లోనూ ఈ మాట అనేవారు ఉండే ఉంటారు. బెల్లం కూడా రక్తంలో చక్కెరను పెంచేదే. మధుమేహం ఉన్నవాళ్లు చక్కెరలాగే దీన్నీ లెక్కలో పెట్టుకోవాలి.

ఇప్పపువ్వు అట్టు

మా చుట్టుపక్కల అడవుల్లో ఇప్పచెట్లు ఎక్కువ. మరాఠీలో మోహ అంటారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున పువ్వులు రాలుతాయి. గోండులు, కోలాములు ఏరి ఎండబెట్టుకుంటారు. ఎండితే కిస్‌మిస్‌లా ఉంటాయి, తీపీ అలాంటిదే. సారా మాట ఎత్తి ఈ పువ్వును చిన్నచూపు చూస్తాం కానీ ఇది ఆదివాసుల ఇంట తిండి కూడా. అవతల ఆదిలాబాదు జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళలు వీటితో లడ్డూలు చేసి అమ్ముతున్నారు.

తెలిసినవారి దగ్గర కొన్న ఎండు పువ్వులు పావు కప్పు తీసుకుని, లోపలి కేసరాలు తీసేసి, రెండు మూడుసార్లు కడిగి, వేడినీళ్లలో గంటసేపు నానబెట్టి రుబ్బాను. కప్పు జొన్నపిండి, పావు కప్పు గోధుమపిండి, ఉప్పు వేసి కలిపాను. ఒట్టి జొన్నపిండికి జిగురు ఉండదు, తిరగేస్తే విరుగుతుంది, ఆ పావు కప్పు గోధుమే దాన్ని పట్టి ఉంచుతుంది. బెల్లం ఒక్క పలుకు వెయ్యలేదు. నిజం చెప్పాలి కదా, మనవడికి ఆ వాసన నచ్చలేదు. అత్తగారు మాత్రం కళ్లు మూసుకుని తిన్నారు.

ఇక సర్వపిండి

ఆఖరి రోజు వాడే అడిగాడు, "తాతమ్మకు ఏది ఇష్టం?" అని. ఇద్దరికీ మాటలు అంతంతమాత్రం. ఆవిడ తెలుగు వాడికి సగమే అర్థమవుతుంది, వాడి తెలుగు ఆవిడకు పావే.

రెండు కప్పుల బియ్యప్పిండి, గంటసేపు నానిన శనగపప్పు పావు కప్పు, వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు పావు కప్పు, రెండు పెద్ద చెంచాల నువ్వులు, ఒక చెంచా జీలకర్ర, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కరివేపాకు, కొత్తిమీర, ఉప్పు, కారం. గోరువెచ్చని నీళ్లతో చపాతీ పిండికన్న మెత్తగా కలిపి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనె రాసి, చేత్తో పావు అంగుళం మందాన అద్దాలి. వేలితో అక్కడక్కడ చిల్లులు పొడిచి, ఒక్కో చిల్లులో ఒక్కో బొట్టు నూనె వెయ్యాలి. మూత పెట్టి సన్నని సెగ మీద 8 నుంచి 10 నిమిషాలు. ఒక వైపే కాలుతుంది, తిప్పక్కరలేదు. రెండో వాయికి గిన్నె పూర్తిగా చల్లారాలి, వేడి గిన్నెలో పిండి అద్దితే చేయీ కాలుతుంది, పిండీ సాగదు. అందుకే వెనుకటివారు రెండు గిన్నెలు పెట్టుకునేవారు. మరాఠీవారి థాలిపీఠ్‌కూ మధ్యలో ఇలాగే చిల్లి పెట్టి నూనె వేస్తారు. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో! కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో రాసిన మానసోల్లాసంలోనే దోసెల ముచ్చట ఉంది. పెనం మీద పిండి కాల్చుకోవడం ఈ నేలకు అంత పాతది.

గిన్నెను అత్తగారి ఒళ్లో పెట్టాను. ఆవిడ వణికే చేత్తో పిండి అద్దుతూంటే వాడు పక్కన కూర్చుని చిల్లులు పొడిచాడు. అన్నీ ఒకచోటే పొడిచాడు. ఆవిడ వాడి వేలు పట్టుకుని జరిపి, "గీడ ఒకటి, గాడ ఒకటి," అన్నారు. కాసేపటికి వాడూ "గీడ, గాడ" అనడం మొదలుపెట్టాడు.

అప్పుడు ఎందుకో నాకు నోరు పెగిలింది. "అత్తమ్మా, నేను కొత్తగా వచ్చినప్పుడు ఇది సగం వదిలేసి లేచాను. మీకు గుర్తుందో లేదో," అన్నాను.

"యాదికుండకేంది బిడ్డా? పానకం లేదా అంటివి," అన్నారు ఆవిడ తల ఎత్తకుండానే. "మల్ల ఎప్పుడు చేసినా నీ పల్లెం పక్కపొంటి చిన్న గిలాసల బెల్లం పాకం పెట్టలేదా నేను?"

నిజమే. పెట్టేవారు. ఏళ్ల తరబడి పెట్టారు. నేను దాన్ని ఆ ఇంటి ఆనవాయితీ అనుకున్నాను. మిగతావారు కారం ఇష్టపడతారు కాబట్టి ముట్టుకోరనుకున్నాను. క్రమంగా సర్వపిండి రుచి అలవాటయి నేనూ ఆ గ్లాసు ముట్టడం మానేశాను. అయినా ఆవిడ పొయ్యి వదిలేదాకా గ్లాసు వస్తూనే ఉండేది.

"మన ఇంట్ల ఎవ్వలు తింటరు గది? నీ కోసమే," అన్నారు.

నేను పొయ్యి వైపు తిరిగి మంట సరిచేసుకున్నాను.

మొదటి వాయి దిగింది. వాడు ఊదుకుంటూ ఒక ముక్క తిని, కారానికి నీళ్లు తాగి, మళ్లీ ఒక ముక్క తీసుకున్నాడు. సిరప్ మాట ఎత్తలేదు.

చదివే సోదరీమణులారా, నేను సిరప్‌కు శత్రువును కాను. ఉన్న ఊళ్లో ఉన్నది తినాలి. కాని పిండిలోనే రుచి పెడితే సీసా కోసం వెతుక్కునే అవసరం ఉండదు. అట్లతద్దినాడు పదకొండు అట్లు వాయనం ఇస్తామే కానీ పక్కన పానకం ఇవ్వం కదా! అలాగని కొత్తగా వచ్చినవాళ్లెవరైనా మీ పంక్తిలో పానకం అడిగితే నవ్వకండి. ఓ చిన్న గ్లాసులో పెట్టండి. వాళ్లకు తెలియడానికి నలభై ఏళ్లు పట్టినా సరే.

ఇప్పుడు ఆదివారం ఆదివారం ఫోనులో వాడు మా అత్తగారితో మాట్లాడతాడు. వాళ్లమ్మ అక్కడ సర్వపిండి అద్దిందట. చిల్లులు పొడిచింది తనేనట. "గీడ ఒకటి, గాడ ఒకటి, తాతమ్మా," అని చెబుతూంటే ఆవిడ ఫోను చెవికి గట్టిగా అదుముకుని వింటారు.