ఫోటో వెనుక నాలుగు మాటలు

గోదావరి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక పెంకుటిల్లు. సంక్రాంతి దగ్గర పడింది. ఇల్లు దులుపుతున్నారు. అటక మీద నుంచి పాత ట్రంకు పెట్టె దించారు.

పెట్టెలో ఒక పట్టుచీర ఉంది. పొలం కాగితాలు ఉన్నాయి. వాటి అడుగున ఒక ఫోటో ఉంది. మూలలు కాస్త నలిగాయి. రంగు వెలిసింది. అందులో ఇద్దరు ఆడవాళ్ళు, ఒక పిల్లవాడు ఉన్నారు. ఆడవాళ్ళవి తడి చీరలు. వెనక గోదావరి. దూరంగా రైలు వంతెన.

మనవరాలు ఫోటో చేతిలోకి తీసుకుంది.

"మామ్మా! ఇది నువ్వే కదా?"

"నేనేనే."

"మరి ఈ బాబు?"

"ఇంకెవరు? మీ నాన్నే."

"ఈమె ఎవరు?"

మామ్మ చేతిలోని చీపురు పక్కన పెట్టింది. ఫోటో కళ్ళ దగ్గరగా పెట్టుకుంది.

"మా అక్క. నీకు పెద్ద మామ్మ. ఈ ఫోటో దిగిన మరుసటి ఏడే పోయింది. అక్కది ఉన్న ఫోటో ఇదొక్కటే."

కొడుకు కూడా వచ్చి చూశాడు. పెద్దమ్మ పోయేనాటికి అతను చిన్నవాడు. ఆమె ముఖం అతనికి గుర్తు లేదు. ఇంట్లో ఆ ముఖాన్ని గుర్తుపట్టే మనిషి మామ్మ ఒక్కతే. మామ్మ కూడా లేకపోతే? అప్పుడు ఫోటో ఉంటుంది. కాని అందులో ఉన్నది ఎవరో చెప్పేవాళ్ళు ఉండరు.

చాలా ఇళ్ళలో ఇదే జరుగుతుంది. ఫోటోలు ఉంటాయి. పేర్లు ఉండవు.

ఇది ఎప్పటి ఫోటో?

"ఎప్పుడు దిగారు మామ్మా?" అని మనవరాలు అడిగింది.

"పుష్కరాలప్పుడు. రాజమండ్రిలో."

"ఏ పుష్కరాలు?"

"సంవత్సరం నాకెలా తెలుస్తుందే? అప్పుడు నాకు చదువు రాదుగా!"

గోదావరి పుష్కరాలు 12 ఏళ్ళకు ఒకసారి వస్తాయి. 1991లో వచ్చాయి. 2003లో వచ్చాయి. 2015లో వచ్చాయి. మరి ఈ ఫోటో ఎప్పటిది?

కొడుకు ఫోటోలోని వంతెన వంక చూశాడు. రాజమండ్రి దగ్గర గోదావరి మీద ఒక కమాను వంతెన ఉంది. పెద్ద పెద్ద కమానులు వరసగా విల్లులా వంగి ఉంటాయి. దాని మీద రైళ్ళు పోతాయి. దాన్ని కట్టడం 1997లో పూర్తయింది. ఈ ఫోటోలో కమానులు లేవు. ఉన్నది పాత హేవలాక్ వంతెన ఒక్కటే. అది 1900లో మొదలైన వంతెన.

"కమాను వంతెన ఇంకా రాలేదు. నేను ఐదేళ్ళవాడిలా ఉన్నాను. అయితే ఇది 1991 పుష్కరాలదే" అన్నాడు కొడుకు.

వంతెన కనిపించింది కాబట్టి సరిపోయింది. వెనక ఉత్త నీళ్ళే ఉంటే ఎలా తెలిసేది? ఫోటో వెనుక ఒక్క అంకె రాసి ఉంటే ఈ వెతుకులాటే అక్కరలేదు.

ఫోటో అంటే ఏమిటి?

ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని పూర్వం కొందరు భయపడేవారు. అది నిజం కాదు. కెమెరా మనిషి నుంచి ఏదీ తీసుకోదు. ముఖం మీద పడి తిరిగి వచ్చే వెలుగును మాత్రమే పట్టుకుంటుంది.

ఇది ఇంట్లోనే చూడవచ్చు. మంచి ఎండ వేళ ఒక గది తలుపులు, కిటికీలు మూయాలి. గది బాగా చీకటి కావాలి. తలుపుకు చిన్న చిల్లు ఉంటే, అందులోంచి వెలుగు లోపలికి వస్తుంది. బయటి బొమ్మ ఎదుటి గోడ మీద పడుతుంది. వీధిలో నడిచే మనిషి గోడ మీద తలకిందులుగా కనిపిస్తాడు. కెమెరా కూడా ఇలాంటి చీకటి గదే. కాకపోతే చాలా చిన్న గది. దాని చిల్లుకు ఒక అద్దం బిగించి ఉంటుంది. ఆ అద్దం బొమ్మను స్పష్టంగా చేస్తుంది.

బొమ్మ పడితే చాలదు. అది నిలవాలి. పాత కెమెరాల్లో అందుకోసం రీలు వేసేవారు. రీలు మీద వెండి కలిసిన పూత ఉంటుంది. వెలుగు తగిలిన చోట ఆ పూత మారుతుంది. స్టూడియోలో రీలును చీకటి గదిలో మందునీళ్ళతో కడిగేవారు. అప్పుడు నెగెటివ్ వచ్చేది. నలుపు తెలుపు నెగెటివ్‌లో అంతా తారుమారు. నల్లని జుట్టు తెల్లగా ఉంటుంది. తెల్లని చీర నల్లగా ఉంటుంది. దాని నుంచి కాగితం మీద వేస్తే సరైన ఫోటో వచ్చేది.

ఇప్పుడు ఫోనులో రీలు లేదు. రీలుకు బదులు వెలుగును పట్టే చిన్న పలక ఉంటుంది. ఫోను ఆ వెలుగును అంకెలుగా మార్చి దాచుకుంటుంది. అందుకే తీసిన వెంటనే ఫోటో కనిపిస్తుంది.

మొదట్లో ఎలా ఉండేది?

1839లో ఫ్రాన్సు దేశంలో డాగేర్ అనే ఆయన ఫోటో తీసే పద్ధతిని లోకానికి తెలిపారు. అప్పట్లో వెండి పూత పూసిన రాగి రేకు మీద ఫోటో తీసేవారు. మనుషులు చాలాసేపు కదలకుండా కూర్చోవలసి వచ్చేది. కదిలితే ముఖం చెదిరిపోయేది.

1888లో అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ అనే ఆయన కోడాక్ కెమెరా తెచ్చారు. అది చేత్తో పట్టుకునే చిన్న పెట్టె. అందులోని రీలుతో 100 ఫోటోలు తీయవచ్చు. అప్పటి నుంచి మామూలు మనుషులు కూడా ఫోటోలు తీయడం మొదలుపెట్టారు.

మన హైదరాబాదులో రాజా దీన్ దయాళ్ పేరున్న ఫోటోగ్రాఫర్. ఆయన 1844లో పుట్టి 1905లో చనిపోయారు. ఆరో నిజాం దగ్గర పనిచేశారు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. ఆ రోజుల్లో ఘోషా పాటించే ఆడవాళ్ళు పరాయి మగవాళ్ళ ముందుకు వచ్చేవారు కాదు. మరి వాళ్ళు ఫోటో దిగడం ఎలా? అందుకని 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళ కోసం వేరే స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది కూడా ఒక ఆడమనిషే.

ఫోటో తీయడం మగవాళ్ళ పని అని చాలాకాలం అనుకున్నారు. ఆ మాట తప్పని చూపించిన మనిషి హోమాయ్ వ్యారవాలా. ఆమె 1913లో గుజరాతులోని నవసారిలో పుట్టారు. మన దేశంలో పత్రికలకు ఫోటోలు తీసిన మొదటి మహిళ ఆమె. 1947లో స్వాతంత్ర్యం వచ్చిన రోజుల ఫోటోలు ఆమె తీశారు. కాని మొదట్లో ఆమె తీసిన ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. కష్టం ఆమెది, పేరు ఆయనది. తరువాత ఆమెకు మంచి పేరు వచ్చింది. 2011లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది. 2012లో ఆమె చనిపోయారు.

పేరు రాయకపోతే తీసిన మనిషి కూడా మరుగున పడుతుంది. దిగిన మనిషి కూడా మరుగున పడుతుంది.

మంచి ఫోటో ఎలా తీయాలి?

ఇప్పుడు చాలా ఇళ్ళలో కెమెరా ఉన్న ఫోను ఉంది. ఫోటో తీయడానికి పెద్ద చదువు అక్కరలేదు. కొన్ని జాగ్రత్తలు చాలు.

ముందు ఫోను వెనక ఉన్న కెమెరా అద్దం తుడవాలి. వంట చేసిన చేతి జిడ్డు అంటితే ఫోటో మసకగా వస్తుంది. మెత్తని పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

వెలుగు మనిషి ముఖం మీద పడాలి. మనిషి వెనక ఎండ ఉంటే ముఖం నల్లగా వస్తుంది. అలా అని నడినెత్తి ఎండలో నిలబెట్టకూడదు. కళ్ళ కింద నీడలు పడతాయి. పొద్దున, సాయంత్రం ఎండ మంచిది. అరుగు మీద నీడ కూడా మంచిదే.

దగ్గరికి వెళ్ళి తీయాలి. మరీ దూరం నుంచి తీస్తే మనుషులు చీమల్లా కనిపిస్తారు. పసిపిల్లల ఫోటో తీసేటప్పుడు కింద కూర్చుని తీయాలి. అప్పుడు వాళ్ళ కళ్ళు బాగా కనిపిస్తాయి.

ఊరు వెళ్ళినప్పుడు మనుషులతో పాటు ఆ చోటు కూడా కనిపించాలి. గోపురమో, స్టేషను బోర్డో, వంతెనో కొంచెం కనిపించినా చాలు. తరువాత ఆ చోటును గుర్తుపట్టవచ్చు. కొన్ని చోట్ల ఫోటోలు తీయకూడదు. తిరుమల గుడి లోపలికి ఫోను, కెమెరా తీసుకుపోనివ్వరు. అలాంటప్పుడు బయటే ఫోటో తీసుకోవాలి.

రైలు పట్టాల మీద, రేవులో జారే మెట్ల మీద, కొండ అంచున నిలబడి ఫోటో దిగకూడదు. ఫోటో కోసం ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు.

తీర్థానికి, జాతరకు బయలుదేరే ముందు పిల్లల ఫోటో ఒకటి తీసి ఉంచుకోవాలి. ఆ రోజు వేసిన బట్టలతోనే తీయాలి. జనంలో పిల్ల తప్పిపోతే ఆ ఫోటో పోలీసులకు చూపించవచ్చు. "ఎర్ర గౌను" అని పదిసార్లు చెప్పడం కంటే ఒక్క ఫోటో మేలు.

ఇంకొక మాట. ఒకరి ఫోటో తీసే ముందు వాళ్ళను అడగాలి. వాళ్ళ ఫోటోను ఇంకొకరికి పంపే ముందు కూడా అడగాలి. ఆడపిల్లల ఫోటోల విషయంలో ఇది మరీ ముఖ్యం.

ఫోటోలో అమ్మ ఏది?

ఇంట్లో పెళ్ళి జరుగుతుంది. అందరూ ఫోటోలు దిగుతారు. ఆ సమయానికి అమ్మ వంటల దగ్గర ఉంటుంది. లేకపోతే చుట్టాలకు తాంబూలాలు సర్దుతూ ఉంటుంది. "నా మొహానికి ఫోటో ఎందుకు?" అని తప్పుకుంటుంది. ముప్పై ఏళ్ళ తరువాత పిల్లలు అమ్మ ఫోటో కోసం వెతుకుతారు. రేషను కార్డు మీది చిన్న ఫోటోను పెద్దది చేయించి పటం కట్టిస్తారు.

అందుకే ఆడవాళ్ళు కూడా ఫోటోలు దిగాలి. పట్టుచీర కట్టినప్పుడే కాదు. నాట్లు వేసేటప్పుడు, బీడీలు చుట్టేటప్పుడు, రాత్రి బడిలో పలక పట్టుకున్నప్పుడు కూడా దిగాలి. అవి కూడా జ్ఞాపకాలే.

ఎలా దాచాలి?

కాగితం ఫోటోకు మూడు శత్రువులు. ఎండ, చెమ్మ, పురుగు. ఎండ తగిలే గోడకు ఫోటో తగిలిస్తే రంగు వెలుస్తుంది. వంటింటి పొగ తగిలితే మసి పడుతుంది. పొడిగా ఉండే పెట్టెలో, కవరులో పెట్టి దాచాలి.

వానకు, వరదకు ఫోటోలు తడిస్తే కంగారు పడకూడదు. ఒకదాని మీద ఒకటి పెట్టకూడదు. అంటుకుపోతాయి. ఒక్కొక్కటి విడదీయాలి. బొమ్మ పైకి ఉండేలా పరిచి నీడలో ఆరబెట్టాలి. అప్పటికే అంటుకుని ఎండిపోయిన ఫోటోలను బలంగా లాగకూడదు. స్టూడియో వాళ్ళకు చూపించాలి.

ఫోనులో ఉన్న ఫోటోలకు వేరే ప్రమాదం ఉంది. ఫోను పోతే ఫోటోలన్నీ పోవచ్చు. అందుకే వాటిని ఇంకొక చోట కూడా దాచాలి. చిన్న కార్డులో వేయించవచ్చు. ముఖ్యమైనవి ఏడాదికి నాలుగైదు కాగితం మీద వేయించాలి. పాత ఫోటోలను ఫోనుతో ఫోటో తీసి ఉంచుకోవాలి. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది.

నాలుగు మాటలు

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఒకటి ఉంది. ఫోటో వెనుక నాలుగు మాటలు రాయాలి. ఎవరు? ఎక్కడ? ఎప్పుడు? ఏ సందర్భం? ఇవే ఆ నాలుగు మాటలు.

బాల్ పెన్నుతో అదిమి రాయకూడదు. ముందువైపు గీతలు పడతాయి. మెత్తని పెన్సిలుతో అంచున తేలికగా రాయాలి. పెన్సిలు పట్టకపోతే చీటీ మీద రాసి, ఫోటోతో పాటు కవరులో పెట్టాలి.

ఆ రోజు సాయంత్రం మామ్మ అరుగు మీద కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుంది. మనవరాలి పెన్సిలు తీసుకుంది.

"నేను రాయనా మామ్మా?" అని మనవరాలు అడిగింది.

"వద్దులే. నేనే రాస్తాను."

మామ్మ మొదట అక్క పేరు రాసింది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని రాసింది. దాని కింద తన పేరు రాసింది. తరువాత కొడుకు పేరు. గోదావరి పుష్కరాలు. రాజమండ్రి. 1991.

అక్కకు సంతకం చేయడం రాదు. బతికినన్నాళ్ళూ వేలిముద్రే వేసింది. ఇప్పుడు ఆమె పేరు చెల్లెలి చేతిరాతలో ఉంది. రేపు మనవరాలి పిల్లలు ఆ ఫోటో తీసినా, "ఈమె ఎవరు?" అని అడగనక్కరలేదు. తిప్పి చదువుకుంటే చాలు.

చేసి చూడండి

మీ ఇంట్లో ఉన్న పాత ఫోటో ఒకటి తీయండి. అందులో ఎవరెవరు ఉన్నారో ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. ఫోటో వెనుక నాలుగు మాటలు మీ చేత్తో రాయండి. రాసింది ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.