కొత్త బస్సు మన ఊరికెందుకు రాదు?

ఆదోని, ఎమ్మిగనూరు డిపోలకు కొత్త బస్సులొచ్చినా పల్లెలకు పాతవే వస్తాయని రైతులు నిష్ఠూరమాడుతుంటారు. దీని వెనుక డిపో లెక్క ఒకటుంది. అది తెలిస్తే ఏమడగాలో తెలుస్తుంది.

కొత్త బస్సును ముందు హైదరాబాదు వంటి దూరపు సర్వీసుకు వేస్తారు. రాత్రిపూట దారిలో ఆగితే సాయం అందడం కష్టం. ఛార్జీ రాబడి కూడా అక్కడే ఎక్కువ. కొన్ని లక్షల కిలోమీటర్లు తిరిగాక దాన్ని పల్లెవెలుగుగా మారుస్తారు. కౌతాళం, పెద్దకడుబూరు దారుల్లో చెడినా డిపో మెకానిక్కు త్వరగా చేరుకుంటాడు.

పాత బస్సంటే పనికిరానిదని కాదు. 8 ఏళ్లు దాటిన బస్సుకు ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి. అయితే నల్లరేగడి నేలల్లో గుంతల రోడ్లు పాత బండిని తొందరగా అరగదీస్తాయి. పైగా 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద రాష్ట్ర మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ప్రయాణం ఉచితం. రద్దీ అంతా ఈ బస్సుల మీదే పడుతుంది. పొద్దున ట్రిప్పు తప్పితే ఆదోని యార్డులో పత్తి వేలానికి అందుకోలేరు, కూలికి పోయే ఆడవాళ్లకు ఆ దినం పోయినట్లే.

కాబట్టి రైతు సోదరులారా, కొత్త బస్సు కోసం పట్టుబట్టడం కన్నా ‘పొద్దున ట్రిప్పు తప్పకూడదు, బస్సు చెడితే బదులు బండి పంపాలి’ అని అడగండి. బస్సు రాని రోజులు, ఎక్కలేక నిలిచిపోయినవారి లెక్క నెలపాటు రాసిపెట్టుకోండి. దాన్ని గ్రామసభ తీర్మానంతో కలిపి డిపో మేనేజరుకు ఇవ్వండి. నోటిమాట కన్నా కాగితం మీది లెక్కకే విలువెక్కువ.